మా ఊరికి అసిస్టెంట్ మేనేజర్ వచ్చాడు

2025లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి మకాం మార్చింది. పోతూ పోతూ పేరు కూడా మార్చుకుంది. అప్పట్నుంచి దాన్ని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనాలట. మీరూ పేపర్లో చూసే ఉంటారు. రెండు తెలుగు రాష్ట్రాలు, ఇద్దరు ముఖ్యమంత్రులు, ఇద్దరు క్రీడా మంత్రులు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఆడే జట్లు మాత్రం సున్నా.

సున్నా అంటే ఖాళీ. ఖాళీ అంటే భర్తీ చేయాలి. విజయవాడ కమిటీ వేద్దామనుకునే లోపల, విశాఖ సముద్రం వైపు చూస్తూ నిలబడే లోపల, పల్నాడు జిల్లా బొల్లాపల్లి ముందుకు దూకింది. మేం క్లబ్బు పెట్టాం. మొదటి నియామకం కూడా పూర్తయింది. మా క్లబ్బుకి ఇంకా గ్రౌండు లేదు, బంతి లేదు, పదకొండు మంది లేరు, యజమాని లేడు, అసలు మేనేజరే లేడు. అసిస్టెంట్ మేనేజర్ మాత్రం ఉన్నాడు.

నవ్వకండి. క్లబ్బు కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో హైదరాబాద్ చరిత్ర చదివాకే నిర్ణయించాం. 2019లో ఆ క్లబ్బు పుట్టింది. మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్ మరుసటి జనవరి దాటకుండానే ఇంటికెళ్లాడు. తర్వాత ఆల్బర్ట్ రోకా సంతకం చేశాడు. సీజన్ మొదలయ్యేలోపే బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది. హైదరాబాద్‌లో హెడ్ కోచ్‌గా ఉండటం కంటే అక్కడ ఇంకొకాయన కింద ఫిట్‌నెస్ చూసుకోవడమే మేలనుకుని ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ మూడేళ్లుండి కప్పు గెలిపించి గోవా పోయాడు. ఆ మూడేళ్లూ ఆయన పక్కన కూర్చున్న అసిస్టెంట్ పేరు థాంగ్‌బోయ్ సింగ్టో. పెద్దలంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, 2023-24లో మునిగే పడవ తెడ్డు ఎవరి చేతికొచ్చింది? సింగ్టో చేతికే. 2024 డిసెంబరులో ఆయన్నీ తప్పించి, షమీల్ చెంబకత్‌కు తాత్కాలికం అని రాసిన కుర్చీ ఇచ్చారు.

జాతీయ జట్టులోనూ ఇదే వరస. 2024 జూన్‌లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు, జులైలో మనోలో వచ్చాడు. పక్కన అసిస్టెంట్ మాత్రం అప్పుడూ ఆ తర్వాతా మహేష్ గావ్లీయే. ఇంకో ముచ్చట. మనోలో భారత జట్టుకు కోచ్ అయినప్పుడు గోవా క్లబ్బు కోచ్‌గానూ ఉన్నాడు. ఏడాది పాటు రెండు కుర్చీలూ ఒక్కడివే. అదనపు బాధ్యతలు అనేవి మన మండలాఫీసుల్లో పుట్టిన విద్య అనుకునేవాణ్ణి. ఫుట్‌బాల్ ఫెడరేషన్ కూడా మా ఎంపీడీవో ఆఫీసులోనే శిక్షణ పొందినట్టుంది.

కాబట్టి మా కమిటీ లెక్క సూటిగా ఉంది. హెడ్ కోచ్ అనేవాడు ఎటూ వెళ్లిపోతాడు. వెళ్లిపోయేవాణ్ణి వెతికి, బతిమాలి, విమానం టిక్కెట్టు కొని తీసుకురావడం ఎందుకు? చివరిదాకా మిగిలేవాణ్ణే ముందు పెట్టుకుంటే ఖర్చు తక్కువ.

దరఖాస్తులు పిలిచాం. మొదటి ఈ-మెయిల్ ప్రపంచ ప్రఖ్యాత కోచ్ పెప్ గార్డియోలా పేరుతో వచ్చింది. రెండోది అంతే పేరున్న జావీ పేరుతో. కమిటీలో కొందరు కుర్రాళ్లు లేచి ఈలలు వేశారు. సర్పంచ్ గారు మాత్రం కళ్లజోడు సవరించుకుని, "ఈయనకి ఆధార్ ఉందంటనా?" అని ఒక్క ప్రశ్న వేశారు. లేదు. పక్కన పెట్టేశాం. ఈ ఒక్క ప్రశ్న 2025 జులైలో ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు. జాతీయ జట్టు కోచ్ పదవికి 170 దరఖాస్తులొస్తే, వాటిలో జావీ ఉన్నాడని దేశమంతా ఒక రోజు ఊగిపోయింది. మర్నాడు ఫెడరేషనే ఆ మెయిళ్లు నిజమైనవి కావని చెప్పుకోవాల్సొచ్చింది. బొల్లాపల్లిలో రేషన్ కార్డులో పేరెక్కించడానికి అడిగినన్ని కాగితాలు కూడా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ పదవికి అడగరన్నమాట.

మిగిలిన వాళ్లను బడి వరండాలో ఇంటర్వ్యూ చేశాం. కమిటీలో సర్పంచ్ గారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఒక మిర్చి వ్యాపారి, రాసుకోవడానికి నేను. ఫుట్‌బాల్ చూసినవాడు మాలో డ్రిల్లు మాస్టారొక్కరే కాబట్టి ఆయన్ని ప్రశ్నలడగనివ్వలేదు. మిగతా క్లబ్బులు పాటించే పద్ధతి అదేనని విన్నాం.

నాలుగో కుర్రాడు పక్క తండా నుంచి వచ్చాడు. కూర్చోకముందే, "జీతం ఏ తారీకున ఇస్తారండీ?" అన్నాడు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"ఇంతకుముందు ఏం చేసేవాడివి అబ్బాయ్?" అన్నారు సర్పంచ్ గారు.

"గ్రామ వాలంటీరునండి. నెలకి ఐదు వేలు. 2024 ఎలక్షన్ల తర్వాత ఆగిపోయినయ్యండి."

"ఇప్పుడు నీ ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?"

"అది నాకూ తెలవదండి."

మిర్చి వ్యాపారి నా చెవిలో, "ఈ అనుభవం ఇంకెవడికుంది? తీసేసుకుందాం" అన్నాడు. జీతం వస్తుందో లేదో తెలియకుండా, పోస్టు ఉందో లేదో తెలియకుండా, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని నిలబడగలిగినవాడు భారత ఫుట్‌బాల్‌కు పుట్టుకతోనే పనికొస్తాడు. అయినా పద్ధతి ప్రకారం పోవాలి కదా.

"హెడ్ కోచ్ చెప్పకుండా పోతే ఏం చేస్తావ్?"

"నేనే ఆడిస్తానండి."

"పెద్ద ఆటగాళ్లు పోతే?"

"మా తండా పిల్లల్ని దించుతానండి."

"ఓడిపోతే?"

"ఓడిపోతానండి. మళ్లీ ఆదివారం ఆడిస్తానండి."

"యజమాని పోతే?"

"కొత్తాయన వస్తాడండి."

"ఆ కొత్తాయన జట్టుని మూటగట్టి ఇంకో ఊరికి తీసుకుపోతే?"

ఈ ప్రశ్నకి మాత్రం కుర్రాడు కాసేపు నేల చూశాడు. "బంతి మా ఇంట్లో దాస్తానండి" అన్నాడు. డ్రిల్లు మాస్టారు అప్పటిదాకా నోరు మెదపలేదు. లేచి వాడి భుజం తట్టారు. నియామకం అయిపోయింది. శాలువా కప్పాం, ఫొటో తీశాం. వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాం. క్లబ్బు పనిలో తొంభై శాతం పూర్తయిందని సర్పంచ్ గారు ప్రకటించారు.

మిగిలిన పది శాతంలో పేరు ఒకటి. దాని మీద మూడు గంటలు కొట్టుకున్నాం. ఊరి పేరు పెడదామని కొందరు. ఊరి పేరు పెడితే అమ్మేటప్పుడు ఇబ్బంది అని మిర్చి వ్యాపారి. ఆయన మాటలో అనుభవముంది. 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలోనే హైదరాబాద్ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా అయింది. 2025లో హైదరాబాద్ వెళ్లి ఢిల్లీ అయింది. ఢిల్లీ క్లబ్బును పోగొట్టుకున్న ఢిల్లీ, పుణె చోట పుట్టిన హైదరాబాద్‌ను తెచ్చుకుని మళ్లీ ఢిల్లీ అయిందన్నమాట. వినుకొండ డిపోలో పల్లెవెలుగు బస్సుకి బోర్డు మార్చడం మేం రోజూ చూస్తాం. అయితే బస్సుకి బోర్డు మార్చినా టిక్కెట్టు కొన్నవాణ్ణి ముందు దించి మరీ మారుస్తారు. ఇక్కడ జనాన్ని లోపలే కూర్చోబెట్టి మార్చేశారు.

చివరికి పేరు స్టిక్కరు మీద వేయిద్దామని తీర్మానించాం. జెర్సీ గుండెల మీద ఒక తెల్ల గడి. అందులో ఈ సీజన్‌కి బొల్లాపల్లి. వచ్చే సీజన్‌కి యజమాని ఎక్కడివాడైతే అక్కడి పేరు అతికించుకోవచ్చు. స్టిక్కర్లు నరసరావుపేటలో చవక.

గ్రౌండు విషయానికొస్తే, స్థలం ఉంది. బడి వెనకాల. వేసవిలో అది మిరప కల్లం. పెద్ద నాయకుడు వచ్చినరోజు హెలిప్యాడ్. గణేశ్ నిమజ్జనానికి డీజే. మిగతా రోజుల్లో గేదెలు. గేదెల్ని కదిలించడం మా వల్ల కాదు గానీ, వాటిని మొదటి సీజన్‌కి డిఫెన్స్‌లో ఆడించొచ్చా అని అసిస్టెంట్ మేనేజర్ అడిగాడు. కుర్రాడిలో చొరవ ఉంది. పచ్చిక లేదని ఇంకొకరు లేవనెత్తారు. వరికపూడిసెల ఎత్తిపోతల నీళ్లు వచ్చిన రోజున పచ్చిక పెంచుతామని సర్పంచ్ గారు మాటిచ్చారు. ఆ పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. అంతకుముందు మా తాతల కాలం నుంచీ దాని గురించి మాటలు జరుగుతూనే ఉన్నాయి. అంటే పచ్చిక ఎప్పుడొస్తుందో మీరే లెక్కేసుకోండి. తాగే నీళ్లలో ఫ్లోరైడు తగ్గాక పచ్చికకు పోస్తామన్నది ఒక సవరణ. దాన్ని ఆమోదించలేదు. అంత ఆలస్యం క్లబ్బు భరించలేదు.

ఇక లీగు. మీరు ఇక్కడ నన్ను పట్టుకుంటారు, తెలుసు. మీరు క్లబ్బు పెట్టినప్పుడు ఐఎస్‌ఎల్ సీజన్ ఆగి ఉంది కదా, ఏ లీగులో ఆడదామనుకున్నారు అని. 2025 జులైలో లీగు నడిపే కంపెనీ క్లబ్బులన్నిటికీ సీజన్ పక్కన పెడుతున్నామని చెప్పింది. ఫెడరేషన్‌తో వాళ్ల ఒప్పందం ఆ డిసెంబరులో ముగియాల్సి ఉంది, కొత్తది అప్పటికి కుదరలేదు. అప్పుడు దేశంలో పెద్ద క్లబ్బులన్నీ ఆడకుండా కూర్చున్నాయి. మా క్లబ్బూ ఆడకుండా కూర్చుంది. కాబట్టి అప్పటికి దేశంలోని అత్యుత్తమ క్లబ్బులతో బొల్లాపల్లి సమాన స్థాయిలో ఉండింది. ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఒక్క గోలు ఇవ్వలేదు. వాళ్లు కోట్లు ఖర్చుపెట్టి చేరుకున్న చోటికి మేం శాలువా ఖర్చుతో చేరుకున్నాం.

ప్రభుత్వ సాయం కోరదామా అన్న మాటా వచ్చింది. ఒకరు పోయిన ప్రభుత్వం హయాంలో జరిగిన ఆడుదాం ఆంధ్రా గుర్తు చేశారు. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ అని ఐదు ఆటలు. ఫుట్‌బాల్ ఆంధ్రాలో ఆడదగ్గదిగా ఎవరికీ తోచలేదు. దానికి ప్రభుత్వాన్ని తప్పు పట్టలేం. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అని సచివాలయంలో గుర్తున్న మనిషి ఎప్పుడో రిటైరై ఉంటాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మా అసిస్టెంట్ మేనేజర్ ఇవ్వాళ పొద్దున నా దగ్గరికొచ్చి, "అన్నా, ఈ పని ఇంతకుముందు ఎవరన్నా మనవాళ్లు చేశారా?" అని అడిగాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

చేశారయ్యా. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడి పంతులు చేశాడు. హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పుకునే మనిషి. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును ఆయన తీర్చిదిద్దాడు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్ ఆ జట్టు చేతి నుంచి ఎవరూ లాక్కోలేకపోయారు, వరసగా ఐదేళ్లు. బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టాడు. బంతిని అట్టే పెట్టుకోకుండా వెంటనే అందించేయాలని పోటీలు పెట్టాడు. గల్లీ పిల్లలకి. ఫ్రాంచైజీ ఫీజు లేకుండా. 1951లో ఆయన శిక్షణలోనే తొలి ఆసియా క్రీడల్లో భారత్ ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. ఎక్కడో తెలుసా? ఢిల్లీలో. హైదరాబాద్ పంతులు ఢిల్లీకి ఇచ్చిన స్వర్ణం అది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్‌లో పోయాడు. ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ ఆడి, 2023లో బెంగాల్లో కన్నుమూశాడు. పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. ఆయన్ని తమవాడని చెప్పుకున్నది కలకత్తా. మనం కాదు.

ఇంత చరిత్ర ఉన్న ఊరికి దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఒక ఐఎస్‌ఎల్ జట్టు దొరికింది. మూడో సీజన్‌కే ఛాంపియన్ అయింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ పసుపు. సాహిల్ తవోరా చివర్లో గోలు కొట్టి ప్రాణం పోశాడు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జరీ ఆఖరిది కొట్టాడు. కరోనా రోజుల లీగు మొత్తం గోవాలోనే నడిచింది కాబట్టి, కప్పు గెలవడాన్ని సొంత గ్రౌండులో చూసుకునే భాగ్యం కూడా హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి లేకపోయింది. రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు జీతాలివ్వలేదు. బకాయిలు కట్టలేదని ఫిఫా ఆంక్షలు పెట్టింది. విదేశీయులు దాదాపు అందరూ, పేరున్న మనవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయం, ఎనిమిది పాయింట్లు. అట్టడుగున. ఆ సీజన్లో మైదానంలోకి దిగి ప్రతివారం దెబ్బలు తిన్నది ఎవరు? పిల్లలు. వాళ్ల పక్కన నిలబడ్డది ఎవరు? ఒకప్పటి అసిస్టెంట్. లెక్కలు తప్పిన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఆ దెబ్బల వర్షంలో తడవలేదు.

ఆ తర్వాత కొత్త యజమానులు వచ్చారు. బీసీ జిందాల్ గ్రూపు. డబ్బు పెట్టారు, కాదనను. డబ్బు పెట్టినవాడికి నష్టం లెక్కలు చూసుకునే హక్కుంది, అదీ కాదనను. కానీ ఓడిన వారం కూడా డప్పు పట్టుకుని గచ్చిబౌలి స్టాండ్స్‌కు వచ్చిన డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం కుర్రాళ్లు ఏ లెక్కలో ఉన్నారు? ఆస్తుల్లోనా, అప్పుల్లోనా? జట్టు ఎవరిదని వాళ్లు నమ్మి జెర్సీ కొన్నారు? మిరప బస్తా గుంటూరు యార్డుకి వెళ్తే రైతు వెంట వెళ్లి కాటా చూసుకుంటాడు. ఒక ఊరి జట్టును వేరే ఊరికి తరలించేటప్పుడు ఆ ఊరివాళ్లను కాటా దగ్గరికి కూడా రానివ్వలేదు. ఈ ముఖ్యమంత్రులు, ఈ మంత్రులు, ఈ సంఘాల అధ్యక్షులు, పరిశ్రమలు పక్క రాష్ట్రానికి పోతున్నాయంటే మైకుల ముందు గొంతు చించుకునే వీళ్లందరి నుంచీ, రహీం ఊరి జట్టు పోతుంటే ఆపండి అన్న ఒక్క గట్టి కేక నా చెవిన పడలేదు. ఒక్కటంటే ఒక్కటి.

సిగ్గుండాలి. ఇది వ్యంగ్యం కాదు, అచ్చంగా అదే మాట.

ఆ యజమానులకు ఒక్క మనవి. లైసెన్సు తీసుకెళ్లారు, ఆటగాళ్ల కాంట్రాక్టులు తీసుకెళ్లారు, లీగులో స్థానం తీసుకెళ్లారు, అవన్నీ మీరు కొన్నవి. 2022 కప్పు మాత్రం మీరు కొన్నది కాదు, మీరు రావడానికి రెండేళ్ల ముందే గెలిచింది. దాని మీద ఏ ఊరి పేరుందో చదువుకుని, ఎవరికి చెందిందో వాళ్లకు ఇచ్చి వెళ్లండి. ఢిల్లీలో మీ రిసెప్షన్ అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి వేరే కప్పు మీరే గెలుచుకోండి.